కార్తికంలో అడవి, ఫాల్గుణంలో అడవి

ప్రశ్న: గత కార్తికంలో పిల్లలను, మా అత్తగారిని వెంటబెట్టుకొని పాకాల అభయారణ్యానికి వెళ్లాము. సాయంత్రం దాకా తిరిగినా కోతులు తప్ప మరే జంతువూ కనబడలేదు. వంటకు పొయ్యి పెట్టబోతే తోటి యాత్రికులొకరు వద్దని వారించారు. ఈసారి ఏటూరునాగారం వెళ్తే ఫలితం ఉంటుందా? వనభోజనానికి అడవిలో వండుకోకూడదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: లోపం పాకాలది కాదు, మీరు వెళ్లిన నెలది. వానలు వెనుకబట్టిన కొత్తలో గడ్డి నడుమెత్తు పెరిగి ఉంటుంది, టేకు ఆకు ఇంకా రాలదు; అందువల్ల తోవకు పది గజాల దూరంలో నిలబడిన చుక్కల దుప్పి కూడా కంటికి ఆనదు. వాగుల్లోనూ కుంటల్లోనూ ఎక్కడికక్కడ నీళ్లుంటాయి కనుక జంతువులు ఒకచోట చేరవలసిన అవసరమూ ఉండదు. ఫాల్గుణం వచ్చేసరికి ఆకు రాలి అడవి పలచబడుతుంది, నీరు కొన్ని మడుగులకే మిగులుతుంది, దాహం వేసిన ప్రతి ప్రాణీ పొద్దున్నో పొద్దుగూకేముందో అక్కడికి రాక తప్పదు. అయితే అవే ఇప్పపూలు రాలే రోజులు. వాటి కోసం ఎలుగుబంటి తెల్లవారకముందే చెట్ల కిందికి వస్తుంది కాబట్టి ఆ వేళ కాలినడకన తిరగకండి.

ఏటూరునాగారం కూడా పాకాల లాగే 1952లో అభయారణ్యమైంది. విస్తీర్ణం సుమారు 806 చదరపు కిలోమీటర్లు. అడవిదున్న, మనుబోతు, కొండగొర్రె అక్కడివే. అంత అడవిలో ఒక్కపూటలో ఏదో ఒకటి ఎదురవుతుందని నేను మాట ఇవ్వలేను. లోపలి దారులకు అటవీశాఖ అనుమతి తీసుకోండి. మేడారం జాతర రెండేళ్లకొకసారి మాఘంలో ఆ అడవి నడుమే జరుగుతుంది కనుక, జాతర ఉన్న ఏడాది ఆ నెల మాత్రం వదిలేయండి. లక్షల జనం కదిలే తోవలో దుప్పిని వెతకడం వృథా ప్రయాస.

మిమ్మల్ని వారించినవారు మంచిపనే చేశారు. అభయారణ్యానికి ముప్పు తెచ్చే రీతిలో నిప్పు రాజేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం. చెత్త పారేయడమూ, జంతువులను వేధించడమూ అంతే. ఇంట్లోనే పులిహోర కలుపుకొని సద్ది కట్టుకెళ్లండి, విస్తళ్లతో సహా మిగిలినదంతా తిరిగి తెచ్చేయండి. కోతులకు పెట్టడం పుణ్యమనుకుంటాం గాని, అలవాటుపడిన కోతి తరువాత వచ్చేవారి చేతిలోని సంచి లాగుతుంది.

మీ అత్తగారు ఎక్కువ దూరం నడవలేకపోతే మళ్లీ పాకాలకే వెళ్లమంటాను. గణపతిదేవుని కాలంలో, 1213లో కట్టిన ఆ చెరువు చలికాలంలో నిండుగా ఉంటుంది. ఆమె కట్ట మీద కూర్చొని నీటిపక్షులను చూడవచ్చు. పిల్లలను మాత్రం గట్టు దిగువన చెట్ల వైపు చెవి పెట్టి ఉండమనండి. కొండముచ్చులు కొమ్మల నుంచి రాల్చిన ఆకుల కోసం దుప్పులు కింద చేరుతుంటాయి. పైనున్న కొండముచ్చు ఒక్కసారిగా దగ్గినట్టు అరిచి, కింద దుప్పి గొంతు కలిపిందంటే, దగ్గరలో చిరుతో మరేదో కదిలినట్టే. అప్పుడు మాటలు మానేసి, కదలకుండా, అవి చూస్తున్న వైపే చూడాలి.