డెల్ఫ్ట్ బయల్దేరే ముందు: అప్పు కాగితం, చెరువు కొలతలు

చెల్లెమ్మా,

హనుమకొండ నుంచి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. బీటెక్ సివిల్ చివరి ఏడాదిలో ఉండగానే నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో హైడ్రాలిక్ ఇంజనీరింగ్ మాస్టర్స్‌కు సీటు తెచ్చుకున్నావంటే మాటలు కాదు. సబ్జెక్టులు కష్టమా, చలికి ఎలాంటి కోటు కొనాలి, పీహెచ్‌డీ చేయొచ్చా అని ఏడు ప్రశ్నలు అడిగావు. అందులో డబ్బు గురించి ఒక్కటీ లేదు. "లోన్ శాంక్షన్ అయింది అన్నా" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. నాకు టెన్షన్ అక్కడే మొదలైంది.

నేను 2006 ఆగస్టులో డెల్ఫ్ట్‌కు వచ్చాను. మాది నర్సంపేట దగ్గర పల్లె. పాకాల చెరువు ఆయకట్టు కింద నాయనకు మూడెకరాలుండేవి. రెండెకరాలు కుదువ పెట్టి నన్ను పంపాడు. అప్పుడు యూరో 60 రూపాయల దగ్గర ఉండేది. ఏది కొనాలన్నా 60తో గుణించి చూసుకునేవాణ్ణి. బ్రెడ్ ప్యాకెట్ చేతిలో పట్టుకుని, ఊళ్లో నాట్ల కూలీ ఎంతో గుర్తుచేసుకుని, మళ్లీ అక్కడే పెట్టేసిన రోజులున్నాయి. మీ తరం పిల్లలకు ఇది చాదస్తంలా ఉండొచ్చు. కుదువ పెట్టిన పొలం గట్టు కళ్లముందు మెదులుతుంటే తెలుస్తుంది.

ఆ భయంతోనే మొదటి తప్పు చేశాను. వచ్చిన నెలన్నరకే ఒక హోటల్లో గిన్నెలు తోమే పనికి కుదిరాను. ఇప్పుడు మన విద్యార్థులు చదువు నడిచే రోజుల్లో వారానికి 16 గంటలే పని చేయాలి, దానికి యజమాని పర్మిట్ తీసుకోవాలి. ఈ నియమాలన్నీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకో. వారానికి కొన్ని గంటలే కదా, తక్కువే అనుకున్నాను. కానీ ఇక్కడ ఒక్క క్రెడిట్ అంటే 28 గంటల చదువు, మాస్టర్స్‌కు మొత్తం 120 క్రెడిట్లు. శుక్ర, శనివారాలు అర్ధరాత్రి దాకా గిన్నెల దగ్గర నిలబడి, ఆదివారమంతా పడుకుని, సోమవారం అలల లెక్కల క్లాసులో కూర్చుంటే ఏమెక్కుతుంది? పదికి ఆరు వస్తే పాస్. నాకు ఐదు వచ్చింది. రెండోసారి రాసినా ఐదే. దాంతో థీసిస్ వెనక్కి జరిగి, చదువు ఐదు నెలలు అదనంగా సాగింది. గిన్నెలు తోమి నాలుగు నెలల్లో సంపాదించింది 1,900 యూరోలు. ఆ ఐదు నెలలకు అదనపు ఫీజు, గది అద్దె కలిపి 4,000 దాటింది. ఆ లెక్క రాసుకున్న కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మొదటి ఏడాది పనికి పోవద్దు. జూన్ నుంచి ఆగస్టు దాకా పూర్తి రోజులు పని చేసుకునే వీలుంది, అప్పుడు చూసుకో.

రెండో తప్పు ఒక బిల్లుతో జరిగింది. రెండో ఏడాది చిన్న ఇల్లు తీసుకున్నాక డచ్ భాషలో ఒక కవరు వచ్చింది. తాగునీటి బిల్లు అప్పటికే కట్టేశాను కాబట్టి ఇదేదో మోసం అనుకుని సొరుగులో పడేశాను. గుర్తుచేస్తూ ఇంకో కవరు వచ్చింది, మూడోది అదనపు రుసుముతో వచ్చింది. పక్కింటి పెద్దావిడ చదివి చెప్పింది: అది నీటి మండలి పన్ను. ఇక్కడ కట్టలు కాపాడడానికి, పల్లపు నేలల్లోని నీళ్లు తోడిపోయడానికి, మురుగు శుద్ధికి విడిగా 21 నీటి మండళ్లున్నాయి. వాటికి సొంత ఎన్నికలు, సొంత పన్ను. డెల్ఫ్ట్ ప్రాంతానికి డెల్ఫ్‌లాండ్ మండలి ఉంది, అది 1289 నాటిది. మన చందుపట్ల శాసనం రుద్రమదేవి మరణాన్ని చెప్పిన ఏడాది కూడా అదే. దేశంలో నాలుగో వంతు నేల సముద్రమట్టం కన్నా కిందే ఉంది. 1953 వరదలో 1,836 మంది పోయారు. అందుకే ఆ పన్ను కట్టడానికి ఎవరూ గొణగరు. మన ఊళ్లో కోతలప్పుడు కల్లం దగ్గరే, చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరటికి వడ్లు కొలిచి ఇచ్చేవాళ్లు. ఇదీ అలాంటిదే అని ఆలస్యంగా అర్థమైంది. నీకు అలాంటి కవరు వస్తే వెంటనే చదివించుకో. ఆదాయం తక్కువున్నవాళ్లు మాఫీ అడగొచ్చు, నీకు వర్తిస్తుందో లేదో వాళ్లనే అడుగు.

ఇక మూడో తప్పు సంగతి. మా వైపు గొలుసుకట్టు చెరువుల మీద థీసిస్ రాయాలనుకున్నాను. పై చెరువు పూడితే దాని మత్తడి (నిండిన నీళ్లు పొర్లిపోయే గోడ) దుంకే నీళ్లు కింది చెరువుకు ఎంత ముందుగా, ఎంత ఎక్కువగా వస్తాయన్నది ప్రశ్న. అంశం మా గైడ్‌కు బాగా నచ్చింది. కానీ దానికి చెరువు అడుగు లెవెల్స్, మత్తడి పొడవు, ఎత్తు, తూము అడుగు మట్టం, వాన లెక్కలు కావాలి. ఇంటి నుంచి ఎవరో ఒకరు పంపిస్తారులే అనుకున్నాను. ఎవరూ పంపలేదు. ఏప్రిల్‌లో 700 యూరోలు పెట్టి టికెట్ కొనుక్కుని ఊరికి వచ్చి, 11 రోజులు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగాను. దొరికింది ఒకే ఒక్క పాత జిరాక్స్.

చివరికి తెలిసినవాళ్ల దగ్గర డంపీ లెవెల్ (నేల ఎత్తుపల్లాలు కొలిచే దుర్భిణి) అడిగి తెచ్చాను. మా అన్న స్టాఫ్ (కొలత గీతలున్న పొడుగు కర్ర) పట్టుకున్నాడు. ఎండాకాలం, చెరువు ఎండి నెర్రెలు బారి ఉంది. తెల్లవారుజామునే దిగి తొమ్మిదింటికల్లా ఆపేసేవాళ్లం. ఆ తర్వాత వేడికి స్టాఫ్ మీది గీతలు అద్దంలో వణుకుతుంటాయి, రీడింగ్ నమ్మడానికుండదు. తూము దగ్గర ముసలి నీరటి వచ్చి "అడుగు రంధ్రం ఇక్కడ కాదు బిడ్డా, ఇంకా కిందున్నది" అన్నాడు. గడ్డపారతో పొడుస్తూ పోతే నాలుగున్నర అడుగుల మట్టి కింద టంగుమని రాయి తగిలింది. ఆ ఒక్క కొలతతో నా లెక్కంతా మారిపోయింది. తిరిగొచ్చాక మా గైడ్ ఆ లెవెల్ బుక్కు పట్టుకుని అరగంట కూర్చున్నాడు. ఆ థీసిస్‌కు తొమ్మిది వచ్చింది.

కాబట్టి విమానం ఎక్కే ముందే కాలేజీ నుంచి ఉత్తరం రాయించుకుని, నీకు కావలసిన చెరువు లెక్కలు తీసుకో. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీశారు. అలా తీసిన చెరువుకు అంతకుముందు లెవెల్స్ ఉంటే సరిపోదు, తర్వాతివీ కావాలి. దొరక్కపోతే మీ తమ్ముణ్ణి తీసుకుని నువ్వే కొలువు. కట్టల కింద ఊట మీద ఆసక్తి ఉందన్నావు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగినప్పటి నుంచి నాకు రాసే పిల్లల్లో చాలామంది అదే అంటున్నారు. కట్టడాల కింద ఊటను లెక్కగట్టే బ్లై, ఖోస్లా సిద్ధాంతాలు వరంగల్‌లో చదువుకున్నావు కదా, ఇక్కడ ఆ ఊటకు కట్ట కింది ఇసుక ఎప్పుడు కొట్టుకుపోతుందో చెప్పే సెల్‌మైయర్ సూత్రం దగ్గర మొదలుపెడతారు. ముందే చదివి రా.

పీహెచ్‌డీ అంటే ఇక్కడ చాలావరకు జీతమొచ్చే ఉద్యోగమే, సాధారణంగా నాలుగేళ్లు. నీకు పరిశోధనే కావాలనుకుంటే ఇంకో దారి ఉంది. గేట్ రాసి వరంగల్ ఎన్‌ఐటీలోనే నీటి వనరుల ఎంటెక్ చేస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. ఆ తర్వాత నేరుగా ఇక్కడ పీహెచ్‌డీకి అప్లై చేస్తే అప్పనేదే ఉండదు. నాకు అప్పట్లో ఈ మాట చెప్పినవాళ్లు లేరు. అయినా ఉద్యోగంలో చేరిన మూడేళ్లకు పొలం విడిపించాను.

ఒంటరితనం గురించి భయపడకు. బతుకమ్మకు నలుగురు తప్పకుండా దొరుకుతారు.

ఈ ఆదివారం మీ నాన్నగారి పక్కన కూర్చుని శాంక్షన్ లెటర్ మొత్తం చదువు. కిస్తీలు చదువు అయ్యాకే మొదలైనా, వడ్డీ మాత్రం మొదటి నుంచే పడుతుందని చాలామంది గమనించరు. వడ్డీ శాతం ఎంత, అది మారుతుందా, తాకట్టు ఏం పెట్టారు, ఈ మూడూ నాకు రాసి పంపు. నెలకు ఎంత పడుతుందో లెక్కగట్టి చెప్తాను. కోటు సంగతి ఆ తర్వాత చూద్దాం.