పాత లారీకి కొత్త ఫ్యాన్ బెల్ట్ వేసినా కీచుమంటోంది, ఎందుకు?

ముందు ఆ బెల్ట్‌ను ఇంకా బిగించడం ఆపండి. కొత్తది వేసిన వారానికే మళ్లీ అరుస్తోందని మీరే రాశారు, అంటే రోగం బెల్ట్‌ది కాదు. పాత లారీల్లో దోషం ఎక్కువగా పుల్లీదే, అంటే బెల్ట్ కూర్చుని తిరిగే గాడి చక్రానిదే అంటాను నేను.

మాది టాటా 1210. బెంజి వాళ్లతో ఒప్పందం 1969లోనే ముగిసి, మూతి మీద నక్షత్రం పోయినా, మా నెల్లూరు వైపు పెద్దవాళ్లకు అది బెంజి లారీయే. ఇస్కపల్లి ఉప్పు తోలేవాళ్లం. పొద్దున స్టార్ట్ చేస్తే కీచు, రాత్రి హెడ్‌లైట్లు వేస్తే ఇంకా కీచు. లైట్ల లోడు పడితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బరువుగా తిరుగుతుంది, బెల్ట్ జారుతుంది. ఒక షెడ్డులో కొత్త బెల్ట్ వేసి, గడ్డపారతో ఆల్టర్నేటర్‌ను ఎగదన్ని వీణ తీగలా బిగించారు. శబ్దం ఆగింది. కానీ అదే బెల్ట్‌తో తిరిగే వాటర్ పంప్ బేరింగ్ పోయింది, పంప్ కింద చిల్లిలోంచి నీళ్లు కారడం మొదలైంది.

కావలి దగ్గర ఒక ముసలి మేస్త్రి ఇంజన్ ఆపించి, బెల్ట్ ఊడదీసి, కిరోసిన్ గుడ్డతో క్రాంక్ పుల్లీ (ఇంజన్ నేరుగా తిప్పేది) గాడి తుడిచి టార్చి వేశాడు. "చూడబ్బయా, అడుగు ఎట్టా మెరస్తా ఉండాదో" అన్నాడు. ఫ్యాన్ బెల్ట్ వి ఆకారంలో ఉండే వి-బెల్ట్, దాని పట్టు గాడి పక్క గోడల మీదే. గాడి అడుగు బెల్ట్‌కు తగలకూడదు, మట్టి పట్టి మసకగా ఉండాలి. మెరుస్తోందంటే గోడలు అరిగి బెల్ట్ కిందికి దిగిపోయినట్టే. మా దానికి ఉప్పు నీళ్ల తుప్పు గోడలను తినేసింది. పాత సామాన్ల కొట్లో మంచి పుల్లీ వెతికి వేశాక, అదే బెల్ట్ కిక్కురుమనలేదు.

ఈ మాట చెప్పే మెకానిక్‌లు ఇప్పుడేరీ? లోపాన్ని కంప్యూటర్‌లో చూపే స్కానర్ తగిలించడానికి లేని బండి అంటే మొహం తిప్పుకుంటారు, లేదా "ఇనుముకు అమ్మేయండి సార్" అంటారు. కడుపు మండుతుంది. ఇంకొందరు బెల్ట్‌కు సబ్బు రాస్తారు. అది పూటకు పనికొస్తుంది, తర్వాత ఇంకా జారుతుంది.

మీరు చేయాల్సింది ఇది. బెల్ట్ తీసి కొద్ది సెకన్లే ఇంజన్ తిప్పండి. అరుపు పోతే ఇంజన్ ఆపి, క్రాంక్‌ది తప్ప మిగతా పుల్లీలను చేత్తో తిప్పి, ఊపి చూడండి. గరగరలాడినా, ఊగినా బేరింగ్ పోయింది. పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో నూలు దారం లాగి చూడండి. బెల్ట్ మళ్లీ వేశాక పొడవాటి వైపు బొటనవేలితో నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. ఇంజన్ తిరుగుతుండగా తువ్వాలు భుజాన వేసుకుని ఫ్యాన్ దగ్గరికి వంగొద్దు. మీది జంట బెల్టుల పుల్లీ అయితే రెండూ ఒకే సెట్టువి వేయండి. పాతదీ కొత్తదీ కలిపితే లోడంతా కొత్తదాని మీదే పడుతుంది.