ముప్పై సెకన్లకోసారి ఎందుకు? ఒక యువ రచయితకు లేఖ

అమ్మాయికి ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నువ్వు పంపిన చిత్తుప్రతి అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. వైఫై డ్రైవర్, అంటే చిప్పును నడిపే సాఫ్ట్‌వేర్, తన చిప్పును ఎప్పటికప్పుడు ఎలా సరిచూసుకుంటుందో తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకే నాకు చాలా సంతోషం. ఇలాంటి విషయం మీద మన భాషలో ఓ మంచి వ్యాసం చదవాలని ఎన్నాళ్లుగానో ఉంది నాకు. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను, నొచ్చుకోకు.

ముందు ఎత్తుగడ సంగతి. నీ వ్యాసం వైఫై పుట్టుకతో మొదలై, ప్రమాణాల పేర్లన్నీ వల్లించి, మూడో పేజీకి గానీ కాలిబ్రేషన్ (ఆ సరిచూసుకోవడం) దగ్గరకు రాలేదు. మొదటి రెండు పేజీలూ తీసేయ్. నీకు నిజంగా కుతూహలం పుట్టిన చోటు నాలుగో పేజీలో ఉంది. ఏథెరోస్ వైఫై చిప్పుల కోసం లైనక్స్‌లో ఉన్న ఏథ్9కె డ్రైవర్ చదువుతుంటే 30000 అనే అంకె కనబడిందని, అది కాలిబ్రేషన్‌కీ కాలిబ్రేషన్‌కీ మధ్య మిల్లీ సెకన్లని, అంటే అర నిమిషమని, అర నిమిషమే ఎందుకో తెలియక ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశావు. అదీ మొదటి వాక్యం. లైనక్స్ 2.6.27తో 2008 అక్టోబర్‌లో ఆ డ్రైవర్ కెర్నెల్‌లోకి (లైనక్స్ గుండెకాయలోకి) వచ్చిందన్న ముక్క తర్వాత ఎక్కడైనా ఒక్క వాక్యంలో చెప్పొచ్చు.

కాలిబ్రేషన్ ఎలా చేస్తారో నువ్వు శ్రద్ధగా రాశావు. ఎప్పుడు చేస్తారన్నది మాత్రం చివర్లో ఒక పట్టికలో పడేశావు. నా మటుకు నాకు ఈ విషయంలో ప్రాణమంతా ఆ "ఎప్పుడు"లోనే ఉంది. సరిచూసుకునే పని ఎంత అవసరమైనా, అది మామూలు పనికి అడ్డం పడుతుంది. చేయకపోతే చిప్పు దారి తప్పుతుంది, వేళ కాని వేళ చేస్తే ఉన్న కనెక్షన్ పోతుంది. డ్రైవర్ రాసేవాడి తలనొప్పంతా ఇదే.

నాకు జరిగింది చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న కంపెనీలో రౌటర్ల సాఫ్ట్‌వేర్ రాసేవాడిని. పల్నాడు వైపు ఒక హాస్టల్ మేడ మీద, రేకు పెట్టెలో, మా యాక్సెస్ పాయింట్ బిగించి వచ్చాం. మే నెల. సాయంత్రం ఏడింటికి పిల్లలు గదులకు చేరేసరికి గొడవ మొదలయ్యేది. ఫోన్లలో నెట్‌వర్క్ పేరు కనబడేది, నొక్కితే కనెక్ట్ అయ్యేది కాదు. అప్పటిదాకా వాడుకుంటున్న వాళ్లకీ ఆగిపోయేది. రీబూట్ చేస్తే ఓ గంట బాగుండేది, మళ్లీ అదే కథ. పేరు కనబడుతోందంటే చిప్పు మాట్లాడుతూనే ఉంది. కనెక్ట్ కావట్లేదంటే ఎవరి మాటా దానికి వినబడట్లేదు. మా ల్యాబ్‌లో దీన్ని "చెవుడొచ్చింది" అనేవాళ్లం.

నేను ఎండను అనుమానించాను. రేకు పెట్టెలో వేడికి చిప్పు సర్దుబాటు తప్పుతోంది, కాబట్టి ఇంకా తరచుగా సరిచూడాలి అనుకుని ముప్పై సెకన్లను ఐదు సెకన్లకు దించాను. గంటకోసారి వచ్చే చెవుడు పది నిమిషాలకోసారి రావడం మొదలైంది. మూడు రాత్రులు ఆ మేడ మీద ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాక గానీ అర్థం కాలేదు. తప్పు డ్రైవర్‌లో మేం మార్చుకున్న భాగంలోనే ఉంది. కొత్త నాయిస్ ఫ్లోర్ విలువను (చుట్టూ ఎప్పుడూ ఉండే రొద ఎంతో చెప్పే అంకెను) చిప్పులోకి ఎక్కించే సమయానికి గాలిలోంచి ఒక ఫ్రేమ్ (ఒక విడత డేటా) వస్తూ ఉంటే, ఆ ఫ్రేమ్ అయ్యేదాకా ఎక్కించడం ఆగుతుంది. అది పూర్తయిందో లేదో చూడకుండా మా కోడ్ తర్వాతి విలువ రాసేసేది. వందమంది పిల్లలు ఒకేసారి వాడే వేళ ఎప్పుడు చూసినా ఏదో ఒక ఫ్రేమ్ వస్తూనే ఉంటుంది. నేను ఆరు రెట్లు ఎక్కువసార్లు ఎక్కించబోయాను, ఆరు రెట్లు ఎక్కువసార్లు దెబ్బ తగిలింది.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, నీ వ్యాసంలో "తరచుగా కాలిబ్రేషన్ చేస్తే పనితీరు మెరుగవుతుంది" అనే వాక్యం ఉంది. దాన్ని కొట్టేశాను.

ఇక మాటల సంగతి. కాలిబ్రేషన్‌కి "క్రమాంకనం" అని, నాయిస్ ఫ్లోర్‌కి "శబ్ద తలం" అని రాశావు. క్రమాంకనం పాఠ్యపుస్తకంలో ఉన్న మాటే, తప్పేం లేదు. కానీ పని చేసే చోట ఎవరి నోటా వినలేదు. కాలిబ్రేషన్ అనే రాయి, పాఠకుడు ఆగకుండా ముందుకు పోతాడు. నాయిస్ ఫ్లోర్‌ని మాత్రం ఒక్కసారి విప్పి చెప్పాలి. సంతలో నిలబడి ఎవరో పిలిస్తే గుర్తుపట్టాలంటే, ముందు సంత రొద ఎంతుందో చెవికి తెలియాలి. అడుగున ఎప్పుడూ ఉండే ఆ రొదే నాయిస్ ఫ్లోర్. దాన్ని తక్కువగా అంచనా వేసుకుంటే ప్రతి చప్పుడూ పిలుపులా తోస్తుంది. ఎక్కువగా అంచనా వేసుకుంటే నిజంగా పిలిచినా తెలియదు.

లెక్క కూడా చూపించు, పాఠకుడు భయపడడు. మామూలు గది వేడిమి దగ్గర ఒక్క హెర్ట్జ్ వెడల్పులో ఉండే సహజమైన రొద −174 డీబీఎం (సిగ్నల్ బలాన్ని ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే కొలత). ఇరవై మెగాహెర్ట్జ్ ఛానెల్ అంటే రెండు కోట్ల రెట్ల వెడల్పు, డెసిబెల్స్‌లో 73, అది కలపాలి, −101 అవుతుంది. రిసీవర్ తన సొంత రొద ఐదారు డీబీలు కలుపుతుంది, −95 దగ్గరకు వస్తాం. ఏథ్9కెలో మామూలుగా అనుకునే విలువ చూడు, −95 అనే ఉంటుంది. కాగితం మీద వేసుకున్న లెక్క కోడ్‌లో ఉన్న అంకెతో కలిసినప్పుడు కలిగే ఆనందం నీ పాఠకుడికీ దక్కాలి.

ఆ డ్రైవర్ కొలిచిన విలువను కొలిచినట్టే నమ్మదు. ఆఖరి ఐదు కొలతలు దాచుకుని, వాటిని వరసలో పెట్టి, మధ్యది తీసుకుంటుంది. నువ్వు దీన్ని "సగటు" అని రాశావు. సగటు వేరు, ఇది వేరు. ఉదాహరణకి −96, −95, −97, −62, −96 వచ్చాయనుకో. ఆ −62 వచ్చిన క్షణంలో పక్కింట్లో మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతోంది. ఊరికే కూడి ఐదుతో భాగిస్తే −89.2. నిజానికి డీబీలను అలా కూడకూడదు. పవర్‌లోకి మార్చి సగటు తీస్తే −69 దాకా పోతుంది, ఇంకా ఘోరం. వరసలో పెట్టి మధ్యది తీస్తే −96. ఓవెన్ వచ్చిందీ పోయిందీ ఎవరికీ తెలియదు. దీనికి ఖరీదు కూడా ఉంది, అదీ చెప్పు. పరిసరాలు నిజంగానే మారిపోతే, మధ్య విలువ కదలడానికి మూడు కొలతలు మారాలి. అర నిమిషానికో కొలత అనుకుంటే నిమిషంన్నర. నీకు నిద్ర పట్టనివ్వని ఆ ముప్పై సెకన్లను ఇక్కడికి తెచ్చి కలిపితే వ్యాసం ఒక్కటిగా ముడిపడుతుంది.

కోడ్ చదివినంత శ్రద్ధగా కామెంట్లు చదువు. నాయిస్ ఫ్లోర్‌ని చిప్పులోకి ఎక్కించే ఫంక్షన్‌లో ఒకప్పుడు ఒక కామెంట్ ఉండేది. ఆ ఎక్కింపు పూర్తయ్యే దాకా ఆగే గడువు మొదట 250 మైక్రో సెకన్లట. అది తరచూ చాలక, స్ట్రెస్ టెస్టింగ్‌లో (కావాలని భారం పెంచి చేసే పరీక్షలో) చెవుడు వస్తోందని దాన్ని 10000 మైక్రో సెకన్లు చేశారట. పక్కనే తేదీ, 12/12/2009. ఆ తేదీ చూసినప్పుడు నాకు ఆ హాస్టల్ మేడే గుర్తొచ్చింది. ఎవరో ఎక్కడో మాలాగే రాత్రులు కూర్చుని ఉంటారు. తర్వాత ఆ గడువు 22.2 మిల్లీ సెకన్లకు పెరిగింది. 802.11ఎన్ అనే వైఫై ప్రమాణంలో అతి పొడవైన ఫ్రేమ్ 22.1 మిల్లీ సెకన్లు ఉంటుందని వాళ్లు రాసుకున్న లెక్క కాబట్టి, ఎంత పెద్ద ఫ్రేమ్ వస్తున్నా అది అయ్యేదాకా ఆగగలగాలన్నది ఆలోచన. అప్పటికీ పూర్తి కాకపోతే డ్రైవర్ ఏం చేస్తుందో కూడా రాసిపెట్టారు. ఏమీ చేయకుండా వెనక్కి వచ్చేస్తుంది. మామూలుగా అయితే తర్వాతి మెట్టు −50 అనే విలువ రాయడం, అంటే తర్వాతి కొలతకు పైహద్దును వదులు చేయడం. ముందుది ఇంకా ఎక్కుతుండగానే ఆ −50 రాస్తే చెవుడు వస్తుంది కాబట్టి, ఉన్న హద్దుతోనే సర్దుకుని తర్వాతి వంతు కోసం ఆగుతుంది. నా తప్పుకు జవాబు ఆ నాలుగు వాక్యాల్లో ఉంది. నీ రిజిస్టర్ల (చిప్పులో విలువలు రాసే గళ్ల) పట్టిక తీసేసి ఆ స్థలం దీనికి ఇవ్వు.

ఒక తప్పు దిద్దాను. ఈ పని "బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్‌లో జరుగుతుంది" అని రాశావు. ఏథ్9కెలో అది కెర్నెల్ టైమర్, అంటే పెట్టిన వేళకు కెర్నెల్ పిలిచే ఫంక్షన్. టైమర్ ఫంక్షన్ నిద్రపోకూడదు, ఆగాల్సి వస్తే సీపీయూని పట్టుకుని గిర్రున తిరుగుతూ ఆగాల్సిందే. ఇప్పుడు ఆ 22.2 మిల్లీ సెకన్లు ఎంత బరువైనవో నీకు తెలుస్తుంది. యూఎస్‌బీ చిప్పుల కోసం రాసిన ఏథ్9కె_హెచ్‌టీసీలో ఇదే పనిని వర్క్‌క్యూలో (నిద్రపోయే వీలున్న పనుల వరసలో) పెట్టారు. అక్కడ ఒక్క రిజిస్టర్ చదవాలన్నా యూఎస్‌బీ తీగ మీదుగా అడిగి జవాబు వచ్చేదాకా నిద్రపోవాలి, టైమర్‌లో అది కుదరదు.

ఆ టైమర్ తన మళ్లీ రాకను తనే నిర్ణయించుకుంటుంది. లాంగ్ కాలిబ్రేషన్‌కి, అంటే నాయిస్ ఫ్లోర్ చూసే దానికి, ముప్పై సెకన్లు. ఐక్యూ సర్దుబాటు (సిగ్నల్‌లోని ఐ, క్యూ అనే రెండు భాగాలను సమం చేయడం) లాంటి షార్ట్ కాలిబ్రేషన్ ఇంకా పూర్తి కాకపోతే యాక్సెస్ పాయింట్‌కి 100 మిల్లీ సెకన్లు, మామూలు స్టేషన్‌కి (దానికి తగిలే ల్యాప్‌టాప్ లాంటిదానికి) ఒక సెకను. పూర్తయిన వాటిని ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ మొదటి నుంచి చూస్తుంది. వీటిలో ఏది ముందొస్తే అప్పటికి టైమర్ పెట్టుకుంటుంది. చిప్పు పవర్ సేవ్‌లో నిద్రపోతుంటే లేపదు, ఈసారికి పోనీ అని వెళ్లిపోతుంది. అలా వదిలేసినవి పదికి చేరాయా, ఇక కాలిబ్రేషన్ అయ్యేదాకా చిప్పును నిద్రపోనివ్వదు. నిద్రపోయే బిడ్డను లేపడానికి తల్లి ఎన్నిసార్లు తటపటాయిస్తుందో, మందు వేళ దాటిపోతుంటే ఎలా లేపుతుందో, నాకు అలా అనిపిస్తుంది ఆ పది అనే అంకె.

ఏఆర్9285 అనే చిప్పులో పవర్ యాంప్లిఫయర్ (పంపే సిగ్నల్‌కు బలం పెంచే భాగం) కాలిబ్రేషన్ ఇంకా ముచ్చటగా ఉంటుంది. పోయినసారి వచ్చిన విలువే మళ్లీ వస్తే తర్వాత కొన్ని వంతులు చూడటమే మానేస్తుంది. మళ్లీ అదే వస్తే రెట్టింపు వంతులు మానేస్తుంది, ఎనిమిది దాకా. ఒక్కసారి విలువ మారిందంటే మళ్లీ మొదటికి వచ్చి ప్రతిసారీ చూస్తుంది. ఇది నీ చిత్తులో లేదు. తప్పకుండా చేర్చు.

మృదంగం పోలిక గురించి. కచేరీ మొదట్లో శ్రుతి చేసుకుని, కీర్తనకీ కీర్తనకీ మధ్య మళ్లీ తడిమి చూసుకునే విద్వాంసుడితో డ్రైవర్‌ను పోల్చావు. చాలా బాగుంది, ఉంచు. దీపాల వేడికి చర్మం బిగువు మారడం, ఇక్కడ వేడికి చిప్పు మారడం, రెండూ సరిగ్గా అమరాయి. కానీ ఆ పోలికను ఆరు పేరాలు లాగావు. విద్వాంసుడు తంబురా విని శ్రుతి చేస్తాడు, ఆయనకు ఆధారంగా ఒక స్వరం ఉంది. నాయిస్ ఫ్లోర్ కొలిచే చిప్పుకు నిశ్శబ్దం కావాలి, అక్కడ ఆధారమే ఎవరూ మాట్లాడకపోవడం. పైగా కీర్తన ఎప్పుడు అయిపోతుందో ఆయనకు తెలుసు, పక్కవాడు ఎప్పుడు ఫ్రేమ్ పంపుతాడో చిప్పుకు తెలియదు. పోలిక ఎక్కడ చెల్లదో నువ్వే ఒక వాక్యంలో చెప్పి దిగిపో. చదివేవాడికి నీ మీద గురి కుదురుతుంది.

టైమర్‌ను ఆపడం గురించి నువ్వు రాసిన పేరా చాలా నచ్చింది. చిప్పును రీసెట్ చేసే ముందు టైమర్ ఆపాలి, ఆపేటప్పుడు అది నడుస్తూ ఉంటే అయ్యేదాకా ఆగాలి, ఆ టైమర్‌కి కావాల్సిన తాళం (లాక్) మనమే పట్టుకుని ఆగితే ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఎదురుచూస్తూ ఉండిపోతాం అని ఎంత సులువుగా చెప్పావో! అందులో అక్షరం ముట్టుకోలేదు. మిగతా వ్యాసమంతా ఆ గొంతుతోనే తిరగరాయి.

రెండో చిత్తు దసరా సెలవుల లోపు పంపగలిగితే మంచిది. ఆ హాస్టల్ మేడ మీది పెట్టె ఇంకా నా బీరువాలోనే ఉంది, సీరియల్ కేబుల్ కూడా. ఈసారి వచ్చినప్పుడు నీ ల్యాప్‌టాప్ తెచ్చుకో. ఐదు సెకన్లు పెట్టి, ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ దానికి తగిలించి, చెవుడు రప్పించి చూపిస్తాను.

ఇట్లు,
మీ మాస్టారు