బైపాస్ అయిన మనిషిని మంచానికే కట్టేయాలా?

ప్రశ్న: మా బాపుకు 58 ఏళ్లు. పరకాల దగ్గర ఊళ్లో పత్తి వ్యవసాయం. షుగర్ ఉంది. మూడు వారాల కింద హైదరాబాద్‌లో బైపాస్ ఆపరేషన్ అయింది. ఇంటికి తెచ్చి పది రోజులు దాటింది. నడిస్తే కుట్లు ఊడతాయని, గుండె మీద భారం పడుతుందని చుట్టాలు ఆయన్ని మంచం దిగనివ్వడం లేదు. పప్పు తింటే చీము పడుతుందంటే చారన్నమే పెడుతున్నాం. నరం తీసిన కాలు సాయంత్రానికి ఉబ్బుతోంది. ఛాతీ ఎడమవైపు మొద్దుబారినట్టు ఉందంటున్నారు. రాత్రి నిద్ర లేదు, ఊరికే ఏడుస్తున్నారు. మరోవైపు మిర్గం (మృగశిర కార్తె) వచ్చేసింది, చేనుకు పోతానని ఒకటే గొడవ. ఎప్పుడు పంపొచ్చు?
— ఒక పాఠకురాలు, హనుమకొండ జిల్లా

డాక్టర్ సలహా: అమ్మా, మీ ఇంట్లో అందరూ గుండెను కాపాడుతున్నామనుకుంటున్నారు. దానికి ఆపరేషన్‌తో రక్తం సరఫరా మెరుగుపడింది, అది ఇప్పుడు కొద్దికొద్దిగా పని కోరుకుంటుంది. ప్రస్తుతం కాపాడాల్సింది రొమ్ము ఎముకను. బైపాస్ కోసం ఆ ఎముకను నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారు. కాలు విరిగితే సిమెంటు పట్టీ వేస్తాం. ఛాతీకి అలా వేయలేం, ఊపిరి తీసిన ప్రతిసారీ అది కదలాల్సిందే. ఆ ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తి గట్టిదనం రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది.

కాబట్టి నడక మంచిదే, బరువే వద్దు. రెండు మూడు కిలోలకు మించి ఏదీ ఎత్తకూడదు. నీళ్ల బిందె, బియ్యం సంచి సంగతి చెప్పక్కర్లేదు. ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు మనవళ్లతో. తాత ఇంటికొచ్చాడని మూడేళ్ల పిల్ల ఎగిరి చంకెక్కుతుంది, ఆ పిల్ల పది కిలోలకు పైనే ఉంటుంది. కూర్చున్నాక ఒళ్లోకి మీరే ఎక్కించండి. ఆయన్ని లేపేటప్పుడు చేయి పట్టుకుని, రెక్క కింద చేయి వేసి గుంజొద్దు. నులక మంచం ఉంటే కొన్నాళ్లు పక్కన పెట్టండి. అది మధ్యలో గుంతపడి, లేవాలంటే రెండు చేతులమీద బలం వేయాల్సి వస్తుంది. గట్టి పరుపు ఉన్న, కుర్చీ అంత ఎత్తు మంచం కావాలి. పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వదిలి, ఆ ఊపుతో లేవాలి. దగ్గు, తుమ్ము వస్తే ఒక చిన్న దిండును ఛాతీకి గట్టిగా హత్తుకోమనండి. ఆసుపత్రిలో ఇచ్చిన మూడు బంతుల ఊదుడు డబ్బా మూలన పడి ఉంటే బయటికి తీయండి. పేరుకు ఊదుడు డబ్బా గానీ, గాలి లోపలికి పీల్చాలి. కదలకుండా పడుకున్న మనిషికి ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుని నిమోనియా రావచ్చు. కుట్లు ఊడతాయన్న భయంతో పడుకోబెట్టి, నిమోనియాతో మళ్లీ నా దగ్గరికి తెచ్చినవాళ్లను చూశాను.

ఇవాళే వాకిట్లో ఐదు నిమిషాల నడక, రోజుకు మూడు నాలుగుసార్లు. రోజుకో నిమిషం పెంచితే నెల తిరిగేసరికి అరగంట నడుస్తారు. నడుస్తూ మీతో మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయినట్టు, మాట తెగిపోతుంటే తగ్గించాలి. తిన్న వెంటనే వద్దు, ఎండలో అసలే వద్దు. బీపీ గోళీలు వాడే మనిషి ఎండకు చెమటపడితే కళ్లు తిరిగి పడతారు.

పప్పు విషయం. పప్పు తింటే చీము పడుతుందన్నది మన దగ్గర ప్రతి ఆపరేషన్‌కూ వినిపించే మాట. చీము పట్టేది క్రిములతో, అదుపులో లేని షుగర్‌తో. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. చారన్నంతో అవి రావు సరికదా, ఆ అన్నానికి షుగర్ పెరుగుతుంది. పెసరపప్పు, గుడ్డు, పెరుగు, జొన్న రొట్టె పెట్టండి. మిర్గం నాడు ఊరంతా చేపలు తింటుంటే ఆయన పళ్లెంలో చారు పోయకండి. వేపుడు కాకుండా, ఉప్పు తగ్గించి పులుసు చేసి పెట్టండి. ఇంట్లో ఆపాల్సినవి తొక్కు, అప్పడం, ఎండు చేప. ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. నాలుకకు రుచి తెలియడం లేదంటే కంగారుపడకండి, కొన్ని వారాల్లో తిరిగొస్తుంది. విరేచనం బిగుసుకుంటే ముక్కనివ్వొద్దు, డాక్టర్‌తో చెప్పి మందు తెచ్చుకోండి. గొంతుక్కూర్చునే దొడ్డి అయితే కమోడ్ కుర్చీ ఒకటి కొనండి.

కాలు వాపు సంగతికొస్తే, అక్కడి నుంచే రక్తనాళం తీసి గుండెకు అతికారు కాబట్టి సాయంత్రానికి ఉబ్బడం మామూలే. పడుకున్నప్పుడు దిండ్ల మీద గుండెకంటే ఎత్తులో పెట్టాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. పిక్క ఎర్రబడి, వేడిగా ఉండి, పట్టుకుంటే నొప్పి అంటే మాత్రం ఆ రోజే చూపించాలి. ఛాతీ ఎడమవైపు తిమ్మిరి సాధారణంగా లోపలి ధమనిని విడదీసి గుండెకు కలిపినప్పుడు వస్తుంది. నెలల మీద తగ్గుతుంది.

ఒక మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను. ఛాతీ నొప్పి అనగానే ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిచి సూది వేయించొద్దు. ఆ సూదిలో చాలాసార్లు డైక్లోఫెనాక్ ఉంటుంది. బైపాస్ అయిన కొత్తలో ఆ జాతి నొప్పి మందులతో గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది, కిడ్నీ దెబ్బతింటుంది. ఇచ్చిన చీటీలో పారాసిటమాల్ ఉంటుంది, అది చాలు. కుట్ల మీద పసుపు, ఆకు పసరు, బూడిద కూడా వద్దు. పుండు ఆరి ఉంటే సబ్బుతో స్నానం చేయించి, మెత్తని గుడ్డతో అద్దండి. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ గోళీ బాగయ్యాక కూడా ఆపేవి కావు. బీడీ ఉంటే ఇక ఒక్కటి కూడా లేదు, కొత్త నాళాలు కూడా దానికి మూసుకుపోతాయి. ఆపరేషన్‌కు ముందు రోజూ కల్లు తాగేవారా అన్నది డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. కల్తీ కల్లులో మత్తుమందు కలుపుతారు, అలవాటైన మనిషికి ఒక్కసారి ఆగితే నిద్ర పట్టక, చేతులు వణికి, తికమకపడతారు.

ఏడుపు విషయంలో భయపడకండి, సిగ్గూ పడకండి. జీవితమంతా పదిమందికి పని చెప్పిన మనిషిని స్నానానికి కూడా ఇంకొకరు పట్టుకుంటుంటే ఏడుపు రాదా? ఆపరేషన్ తర్వాత ఇలా మనసు కుంగడం చాలామందిలో చూస్తాం. పగటి నిద్ర తగ్గించి, రాత్రి పడుకునే ముందు చీటీలోని ఆ పారాసిటమాల్ గోళీ వేస్తే నిద్ర కాస్త కుదురుతుంది. రెండు వారాలు దాటినా దేనిమీదా ఆసక్తి లేకపోతే డాక్టర్‌కు చెప్పండి, లేదా ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. పరామర్శకు వచ్చేవాళ్లను మాత్రం తగ్గించండి. దగ్గుతూ వచ్చి, మంచం పక్కన కూర్చుని, ఇదే ఆపరేషన్ చేయించుకుని పోయినవాళ్ల కథ చెప్పే చుట్టం ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

మీరు అడగలేనిది, మీ అమ్మ అడగలేనిది ఒకటుంది. రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే, ఎముక అతికితే, భార్యాభర్తల కలయికకు అడ్డు లేదు. ఛాతీ మీద బరువు పడకుండా చూసుకోవాలి. ఈ ముక్క ఆమెకు చూపించి మీరు పక్కకు వెళ్లండి.

100.4 డిగ్రీలకు మించి జ్వరం, కుట్ల దగ్గర చీము, దగ్గితే ఎముక టక్కున కదిలినట్టు అనిపించడం, రోజులో కిలో లేదా వారంలో రెండు కిలోల బరువు పెరగడం, ఇవి కనబడితే ఆ రోజే ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు ఫోన్ చేయాలి. పడుకుంటే ఆయాసం, గుండె దడదడ, ఆపరేషన్‌కు ముందు వచ్చినలాంటి ఛాతీ నొప్పి, మూతి వంకరపోవడం అయితే 108. అప్పుడు హైదరాబాద్ దాకా పోదామని కారు మాట్లాడొద్దు, ముందు వరంగల్‌లోనే ఈసీజీ తీయించండి. మామూలు చెకప్‌కు పోయేటప్పుడు జనగామలో, భువనగిరిలో దిగి నాలుగడుగులు వేయించండి. సీటు బెల్టుకు, ఛాతీకి మధ్య ఆ చిన్న దిండే పెట్టండి.

ఇక చేను. బండి నడపడం రెండు మూడు నెలల దాకా కుదరదు, ట్రాక్టర్ అంతకంటే ఆలస్యం. కానీ గింజలు పెట్టే రోజు ఆయన్ని ఇంట్లో ఉంచితే మీ గొడవ తీరదు. పొద్దున్నే కారులో మెల్లగా తీసుకుపోయి గట్టు మీద చెట్టు నీడన కుర్చీ వేయండి. ఎండ ముదరకముందే తీసుకురండి. సాళ్లు వంకర పోతున్నాయని అక్కడి నుంచే అరవనివ్వండి, ఊపిరితిత్తులకు మంచిదే. మందు కొట్టే పదహారు లీటర్ల స్ప్రేయర్ మాత్రం ఈ ఏడు ఇంకెవరి భుజానికైనా తగిలించండి.