టెక్ సందేహాలు: ఐదో వాద్యం ల్యాప్‌టాప్

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం. ఒకరిది వయొలిన్, ఒకరిది ఘటం, ఒకరిది వేణువు, నాది గిటార్. ఆదివారాలు మేడ మీద గదిలో కూర్చుని రాగం, తాళం ఏదీ ముందే అనుకోకుండా వాయిస్తుంటాం. ఈ మధ్య యూరప్‌లో వాద్యాల శబ్దాన్ని అక్కడికక్కడే ఎలక్ట్రానిక్స్‌తో మార్చేసే బృందాలను విని మేమూ మొదలుపెట్టాం. ఐదేళ్ల నాటి విండోస్ ల్యాప్‌టాప్, మైక్ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్నాయి. వయొలిన్ మోగిన కాసేపటికి గానీ స్పీకర్‌లోంచి రావట్లేదు. వాల్యూమ్ పెంచితే కూత. అందరికీ మైకులు పెట్టాలంటే ఎనిమిది ఇన్‌పుట్లది కొనక తప్పదా?
- విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇప్పుడే ఏమీ కొనకండి. ముందు ఆలస్యం సంగతి చూద్దాం. కంప్యూటర్ శబ్దాన్ని కొంచెం కొంచెం పోగుచేసి, ఆ మూటను ఒకేసారి ప్రాసెస్ చేస్తుంది. ఆ మూట సైజే బఫర్. శబ్దాన్ని సెకనుకు 44,100 ముక్కలుగా (శాంపిల్స్) కొలిచే రేటులో బఫర్ 512 ముక్కలుంటే లోపలికి దాదాపు 11.6 మిల్లీసెకన్లు, బయటికి అంతే. మొత్తం 23. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు వెళ్తుంది కాబట్టి, మీ వయొలిన్ ఆయన ఎనిమిది మీటర్ల అవతల నిలబడి వాయిస్తున్నట్టు లెక్క. అదే బఫర్‌ను 128కి తగ్గిస్తే రెండు మీటర్లే, ఒకే జంపఖానా మీద ఎదురెదురుగా కూర్చున్నట్టు. డ్రైవర్ కలిపే నాలుగైదు మిల్లీసెకన్లు దీనికి అదనం. ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే ఏసియో (ASIO) డ్రైవర్‌నే వేసుకోండి, ఆలస్యం తగ్గించేది అదే. అది లేకపోతే ఏసియోఫర్‌ఆల్ ఉచితంగా దొరుకుతుంది. శబ్దం చిటపటలాడితే బఫర్ 256కి పెంచండి, వైఫై ఆపి, ఛార్జర్ పెట్టి వాయించండి. మీరు వాడేది బ్లూటూత్ స్పీకరైతే మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. సాధారణంగా అదొక్కటే వంద మిల్లీసెకన్లకు పైగా తినేస్తుంది. వైరు ఉన్న స్పీకర్ పెట్టండి.

ఇంకో మాట. అసలు వయొలిన్‌ను స్పీకర్‌లోంచి ఎందుకు వినిపిస్తున్నారు? ఆయన గదిలోనే ఉన్నారు, చెవికి నేరుగా వినిపిస్తూనే ఉంది. ఎఫెక్ట్‌లో డ్రై, అంటే మారని శబ్దాన్ని సున్నా చేసి, వెట్, అంటే మారిన శబ్దాన్ని మాత్రమే బయటికి పంపండి. ఉదాహరణకు, ఎఫెక్ట్‌లో మూడు సెకన్ల తర్వాత తిరిగొచ్చే శబ్దానికి ఇరవై మిల్లీసెకన్లు ఎక్కువైతే ఎవరికి తెలుస్తుంది? అసలు శబ్దం స్పీకర్‌లోకి వెళ్లడం మానేశాక కూత కూడా చాలావరకు తగ్గుతుంది. మిగిలిన కూతకు కార్డియాయిడ్ మైక్ వాడి, దాని వీపు స్పీకర్ వైపు ఉండేలా తిప్పండి. ఆ మైకుకు వెనకవైపు శబ్దం బాగా తక్కువ వినిపిస్తుంది. ఘటానికి పియెజో బిళ్ల అంటించండి. గాలిలోని శబ్దాన్ని అది అంతగా పట్టుకోదు, మట్టి కుండ గోడ అదురునే పట్టుకుంటుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. దాన్ని మైక్ ఇన్‌పుట్‌కు కాకుండా గిటార్ గుర్తున్న హై ఇంపీడెన్స్ ఇన్‌పుట్‌కే ఇవ్వాలి. లేకపోతే కింది స్వరాలన్నీ పోయి రేకు డబ్బా శబ్దం మిగులుతుంది.

ఇక ఎనిమిది ఇన్‌పుట్ల సంగతి. 1992లో బ్రిటిష్ శాక్సఫోన్ వాద్యకారుడు ఇవాన్ పార్కర్ మొదలుపెట్టిన ఎలక్ట్రో అకౌస్టిక్ బృందం తొలి ఆల్బమ్ ‘టువర్డ్ ద మార్జిన్స్’ను ఈసీఎం అనే రికార్డు కంపెనీ 1997లో విడుదల చేసింది. అందులో ఆరుగురు. పార్కర్ సోప్రానో శాక్సఫోన్, బారీ గై డబుల్ బాస్, పాల్ లిటన్ పెర్కషన్, ఫిలిప్ వాక్స్‌మన్ వయొలిన్. మిగిలిన ఇద్దరు, వాల్టర్ ప్రాతి, మార్కో వెక్కీల చేతిలో ఎలక్ట్రానిక్సే. పక్కవాళ్లు వాయించేదే వాళ్లకు ముడిసరుకు. హెడ్‌ఫోన్లలో మొదటిసారి విన్నప్పుడు ఏది వయొలిన్, ఏది దాని నీడ అని తేల్చుకోలేక ఒకే చోటు నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. అంత బాగుంది. ఆ ఇద్దరి పని ప్రధానంగా వినడం. మీరు నలుగురూ వాయిస్తూనే మధ్యలో మౌస్ పట్టుకుంటే ఆ పని జరగదు. ప్రతి ఆదివారం ఒకరు వాద్యం పక్కన పెట్టి ల్యాప్‌టాప్ దగ్గర కూర్చోండి. వంతులేసుకోండి.

అప్పుడు రెండు ఇన్‌పుట్లే చాలా ఎక్కువ. ఒకటి ఘటం మీది పియెజో. రెండోది చేతిలో పట్టుకుని తిప్పే మైక్. 1964లో జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌజెన్ ‘మిక్రోఫోనీ 1’ అనే రచనలో టామ్‌టామ్ అనే పెద్ద లోహపు గాంగ్‌ను ఇద్దరు మోగిస్తుంటే, ఇద్దరు మైకుల్ని దాని దగ్గరికీ దూరానికీ కదిపారు, ఇంకో ఇద్దరు ఫిల్టర్లు తిప్పారు. అది ముందే రాసుకున్నదే గానీ పాఠం మాత్రం మీకూ పనికొస్తుంది. వేణువు ఊదే రంధ్రానికి రెండంగుళాల దూరంలో మైక్ పెడితే ఊపిరి వినిపిస్తుంది, ఒక్క జానెడు జరిపితే స్వరం వినిపిస్తుంది. ఏ ప్లగిన్ (ఎఫెక్ట్ సాఫ్ట్‌వేర్) కొన్నా ఈ తేడా దొరకదు.

ప్రశ్న: ఇలాంటి ప్రాసెసింగ్‌కు ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది? ప్రోగ్రామింగ్ రాదు.
- ఖమ్మం నుంచి

జవాబు: ప్యూర్ డేటా. పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో 1980లలో మాక్స్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన మిల్లర్ పకెటే తర్వాత దీన్నీ రాశారు. కోడ్ రాయక్కర్లేదు, డబ్బాలు పెట్టి తీగలు కలపడమే. ‘ఏడీసీ’ డబ్బా మైక్, ‘డీఏసీ’ స్పీకర్. మధ్యలో ‘డెల్‌రైట్’ డబ్బాకు ఏదో ఒక పేరు, పక్కన 5000 అంకె ఇవ్వండి, అంటే ఐదు సెకన్ల జ్ఞాపకం. ‘డెల్‌రీడ్’కు అదే పేరు, 3000. డబ్బాల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేసి, చివర టిల్డా గుర్తు (~) పెట్టడం మరవకండి: adc~, dac~, delwrite~, delread~. చాలామంది అక్కడే ఆగిపోతారు. డెల్‌రీడ్ నుంచి వచ్చేదాన్ని 0.6తో గుణించి మళ్లీ డెల్‌రైట్‌లోకి పంపితే శబ్దం ప్రతి మూడు సెకన్లకూ కొంచెం కొంచెంగా కరిగిపోతూ తిరిగొస్తుంది. ఆ 0.6ను 1 దాటనివ్వకండి, పెరుగుతూ పోయి స్పీకర్ చింపేస్తుంది. ఇదొక్కటీ కుదిరాక ఒక వారం దానితోనే వాయించండి.

ప్రశ్న: నేను డాలస్‌లో, తమ్ముడు హైదరాబాద్‌లో. వీడియో కాల్‌లో కలిసి వాయించగలమా?

జవాబు: తాళం వేసి మాత్రం వాయించలేరు. మధ్య దూరం 14 వేల కిలోమీటర్లపైనే. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కనీసం 70 మిల్లీసెకన్లు దారిలోనే పోతాయి, నిజానికి ఇంకా ఎక్కువే. కానీ తాళం లేని సంగీతమైతే హాయిగా వాయించుకోవచ్చు. ఆలస్యాన్ని డిలే ఎఫెక్ట్‌లా వాడుకోండి. నెట్‌లో కలిసి వాయించడానికే ఉన్న సోనోబస్ లేదా జాక్‌ట్రిప్ సాఫ్ట్‌వేర్ దించుకుని, రౌటర్‌కు ల్యాన్ తీగ పెట్టి కలవండి. జూమ్ తప్పనిసరైతే సెట్టింగ్స్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ ఆన్ చేయండి. లేకపోతే మీరు తీరిగ్గా సాగదీసిన ప్రతి శబ్దాన్నీ అది ఫ్యాన్ చప్పుడు అనుకుని తుడిచేస్తుంది. ఇద్దరూ హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, తీగ ఉన్నవి.