ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాయించండి

ఊళ్ళో బీపీ ఉన్నవాళ్ళకి "ఉప్పు తగ్గించండి" అని నెలనెలా చెప్తున్నా ఎవరూ వినట్లేదు, ఇంకెలా చెప్పాలి అని అడిగారు.

ఆ మాటతో పని జరగదండీ. ఎంత తింటున్నారో తెలీనివాళ్ళు ఎంతని తగ్గిస్తారు? కొత్త ప్యాకెట్ విప్పిన రోజే దాని మీద తేదీ రాయించండి. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు 50 రోజులు రావాలి. 25 రోజులకే అయిపోతే రెట్టింపు వాడుతున్నట్టు. పశువుల కుడితిలో వేసే ఉప్పు వేరే డబ్బాలో పెట్టించండి, లేదంటే లెక్క తప్పుతుంది. రోజూ ఆవకాయ తినే ఇంట్లో ప్యాకెట్ 50 రోజులకు మించి రావాలి, జాడీలో ఉన్నదీ ఉప్పే కదా.

మాట్లాడాల్సింది మాత్ర వేసుకునే పెద్దాయన ఒక్కడితోనే కాదు, వండే ఆవిడతో. ఆయనకి విడిగా చప్పిడి కూర వండమంటే నాలుగు రోజులు వండుతారు, ఆ తర్వాత మానేస్తారు. ఇంటిల్లిపాదికీ ఒకటే కూర ఉండాలి. ముందు నిన్న ఏం తిన్నారో అడగండి, అందులోంచి ఒక్కటే మార్పు ఒప్పించండి. తేలికైనది పెరుగన్నంలో, అన్నం ఎసట్లో ఉప్పు మానడం. పులుసు జోలికి మొదట వెళ్ళకండి. పులుపుకి ఉప్పు తగ్గితే వెంటనే తెలిసిపోతుంది, మీ మాట మీద గురి పోతుంది. రెండు వారాలకి మళ్ళీ వెళ్ళి ప్యాకెట్ చూడండి. ఆ తర్వాతే కూరల్లో కొంచెం కొంచెంగా తగ్గించాలి. కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది.

"మేము కల్లుప్పే వాడతాం, సైంధవ లవణమే వాడతాం" అంటారు. బీపీ పెంచే సోడియం వాటిలోనూ దాదాపు అంతే. కల్లుప్పు చెంచాలో కొంచెం తక్కువ పడుతుంది, అంతే తేడా.

సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు మాత్రం నిజంగా పనిచేస్తుంది. చైనాలో 600 పల్లెలు తీసుకుని సగం పల్లెల్లో దాన్ని వాడి చూస్తే, మిగతా సగంతో పోలిస్తే పక్షవాతాలు 14 శాతం తగ్గాయని 2021లో తేలింది. అలాగని అందరికీ చెప్పేయకండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి ఒంట్లో పొటాషియం పేరుకుని గుండె లయ తప్పుతుంది. టెల్మిసార్టాన్, స్పైరొనోలాక్టోన్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకీ ఆ ముప్పు ఉంది. శ్రీకాకుళం ఉద్దానం లాంటి చోట చాలామందికి కిడ్నీ జబ్బు ఉన్న సంగతి వాళ్ళకే తెలీదు. అక్కడ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి, డాక్టరు సరేనన్నాకే ఆ ఉప్పు.