డేనియెల్ ప్రింట్లలో ఉన్నది ఉత్త కొండలూ చెట్లేనా?

మీ ప్రశ్న: కొండ, కోట, చెట్లు తప్ప ఏమీ లేని డేనియెల్ ప్రింట్లలో సామ్రాజ్యవాదం చూడటం అతిగా ఊహించుకోవడం కాదా అని. కాదంటాను. మాది హోసూరు పక్క, ఇంట్లో మాట్లాడేది తెలుగే. రాయకోట కొండ ఎక్కి చూసినవాణ్ణి కాబట్టి ఆ ప్రింటు గురించే చెప్తాను.

ఈ ప్రింట్లు వేసిన ఇంగ్లీషు చిత్రకారులు థామస్ డేనియెల్, ఆయన సోదరుడి కొడుకు విలియం 1786లో కలకత్తా చేరారు. 1792లో మద్రాసు నుంచి బయల్దేరి మా వైపు వచ్చారు. ఎందుకు అప్పుడే వచ్చారన్నది ముఖ్యం. 1791లో రాయకోటను ఈస్టిండియా కంపెనీ సైన్యం టిప్పు మనుషుల నుంచి పట్టుకుంది. 1792 శ్రీరంగపట్నం సంధితో బారామహల్ (ఇప్పటి కృష్ణగిరి, ధర్మపురి, సేలం వైపు ప్రాంతం) మొత్తం కంపెనీ పాలైంది. టిప్పు మీద యుద్ధం నడిపిన గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యం నడిచిన దారినే ఈ చిత్రకారులూ నడిచారు. అంతకు ముందయితే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు అక్కడ కూర్చుని తీరిగ్గా బొమ్మ గీసుకోగలిగేవారా?

బొమ్మలో అబద్ధం ఉందనడం లేదు. కెమెరా అబ్‌స్క్యూరా (ఎదుటి దృశ్యం నీడను కాగితం మీద పడేలా చేసే పెట్టె) వాడి గీసేవారు, అందుకే కొండ వాలు చూడగానే గుర్తుపట్టాను. కానీ కొండెక్కితే మనసుకు తట్టేది వేరు: కింద దారి మీద ఎవరొస్తున్నా కనిపిస్తుంది. అది కాపలా కోట, దాని కోసం ప్రాణాలు పోయాయి. ప్రింటులో మాత్రం అది ప్రశాంతమైన దృశ్యం, చూసి ముచ్చటపడాల్సిన పాత కట్టడం. కోట గెలిచినవాళ్ళకు అది అలా కనిపించడమే నాకు బాధ కలిగిస్తుంది.

ఆ ప్రశాంతత వెనకాల ఇంకో పనీ నడుస్తోంది. అదే 1792 నుంచి కంపెనీ అధికారి అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో బారామహల్ పొలాలు కొలిపించి శిస్తు నిర్ణయించారు. తర్వాత కడప వైపు వచ్చిన మన్రో ఆయనే. ఒకరు నేలను లెక్కల్లోకి ఎక్కిస్తుంటే ఇంకొకరు బొమ్మల్లోకి ఎక్కించారు.

పైగా ఇవి ఒక్కరి గోడకే పరిమితమైన పెయింటింగులు కావు. రాగి రేకు మీద యాసిడ్‌తో చెక్కి, కాపీలు తీసి రంగులద్దిన ఆక్వాటింట్లు. 1795, 1808 మధ్య 144 ప్రింట్లు లండన్‌లో వెలువడ్డాయి. వీళ్ళ దృశ్యాలు ఇంగ్లండులో పింగాణీ పళ్ళాల మీదికి కూడా ఎక్కాయి. మన దేశం ఎలా ఉంటుందో అక్కడ చాలామందికి తెలిసింది వీటివల్లే.

అందుకని ప్రింటు తీసెయ్యమని చెప్పను, నాకూ అవి ఇష్టమే. మీ దగ్గరున్నది ఏ ఊరిదో, ఏ ఏడాదిదో తెలుసుకుని, అప్పటికి ఆ ఊరు ఎవరి చేతిలో ఉందో చూడండి. ఊరి పేరు ఇక్కడ రాస్తే నాకు తెలిసింది చెప్తాను.